గుర్తు లేని దుప్పటి

ఖాళీ ఇంటిని శుభ్రం చేయడం ఒక పని, మనుషులున్న ఇంటిని శుభ్రం చేయడం ఇంకో పని. మొదటిది మా తోటికోడలికి ఇష్టం, రెండోది నాకిష్టం. కనకమామిడి దగ్గర పట్నం వాళ్ళ ఫామ్‌హౌస్ ఒకటి రోజులకు కిరాయికిస్తారు. అందులో మేమిద్దరం పనిచేస్తాం. చాలామంది శనివారం దిగి ఆదివారం వెళ్ళిపోతారు. వాళ్ళు పోయాక సీసాలు ఏరి, గదులు కడిగి, తాళం వేసి రావడమే. కొందరు మాత్రం పది పదిహేను రోజులు ఉండిపోతారు. అప్పుడు మధ్యమధ్యలో వెళ్ళి, వాళ్ళ చెప్పులు గుమ్మంలో ఉండగానే, వాళ్ళు తాగిన చాయ్ గ్లాసులు బల్లమీద ఉండగానే, పక్కబట్టలు మార్చి ఇల్లు తుడిచి రావాలి. ఆ పనంటే నాకు ప్రాణం.

దాపరికం దేనికి, నాకు మనుషుల సంగతులు కావాలి. మంచం చూస్తే చాలా తెలిసిపోతుంది. ఒక దిండు హాల్లో సోఫా మీద కనబడితే రాత్రి మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోలేదన్నమాట. పిల్లల గదిలో పక్క నలగకుండా, పెద్దవాళ్ళ మంచం మీద బిస్కెట్ నలుసులుంటే పిల్లలు కొత్తచోట భయపడ్డారన్నమాట. ఎవరు ఫోన్ చూస్తూ పడుకున్నారో, ఎవరు గోడవైపు తిరిగి పడుకున్నారో కూడా చెప్పగలను. ఇవన్నీ అడిగినా అడగకపోయినా మా తోటికోడలికి చెప్తూ పనిచేస్తాను. ఆమె నాకంటే పెద్దది, పనిలో గట్టిది, భయస్థురాలు.

"నువ్వు దుప్పట్లు మారుస్తున్నవా, జాతకాలు చూస్తున్నవా?" అంటుంది.

మొన్నటి చలికాలంలో ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు, అతని తల్లి. ముసలామెకు మోకాలి ఆపరేషన్ అయి కొన్ని వారాలైంది. వాళ్ళుండేది పట్నంలో పై అంతస్తు. మెట్లు లేని చోట, చదునైన నేల మీద నెమ్మదిగా నడిపించమన్నాడట డాక్టరు. అందుకే ఈ ఇల్లు తీసుకున్నారు. వచ్చిన రోజే కొడుకు మమ్మల్ని పిలిచి, తల్లికి ముందరి గది ఇచ్చామని, మంచం ఎత్తుగా ఉండాలని, ఆమె కింద కూర్చోకూడదని, కింద పడుకోవడం అసలే కూడదని చెప్పాడు. మోకాలు మళ్ళీ దెబ్బతింటే ఇంకోసారి కోయాల్సి వస్తుందన్నాడట డాక్టరు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం చిన్నబోయింది. మా యజమాని చెప్పినట్టే ఆ గదిలో మంచి తెల్ల దుప్పటి పరిచి, మూలలు పరుపు కిందికి మడిచి, దిండు గలీబు నోరు కిటికీ వైపు ఉండేలా పెట్టాను. గలీబు అలా పెట్టడం నా అలవాటు. ఇంకెవరూ పట్టించుకోరు.

కొన్నాళ్ళకు మొదటిసారి పక్కలు మార్చడానికి వెళ్ళాం. అన్ని గదుల్లోనూ మనుషులు పడుకున్న పక్కలే. ముసలామె గదిలోకి వెళ్ళి ఆగిపోయాను. మూలలు నేను మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. గలీబు నోరు కిటికీ వైపే ఉంది. లేచాక సర్దుకుందేమో అనుకోవడానికి లేదు, ఎంత బాగా సర్దినా పరుపు మధ్యలో పల్లం తెలుస్తుంది. ఆ పరుపు మీద పిల్లి కూడా పడుకోలేదు.

ఆమె కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది.

"నిద్ర మంచిగ పడుతున్నదా అవ్వా?" అని అడిగాను.

"పడుతున్నది బిడ్డా. గా దుప్పటి మాసిపోలే, మార్చకు. ఊకె శ్రమ ఎందుకు?"

మార్చలేదు. కానీ ఇక నా మనసు మనసులో లేదు. ఈమె ఎక్కడ పడుకుంటోంది? అదే మాట మా తోటికోడలిని అడిగితే, "ఎక్కడ పండుకుంటే నీకేందే? నీ పని నువ్వు చూసుకో" అంది. అది నా వల్ల కాదని ఆమెకు తెలుసు. వంటింట్లో గిన్నెలు తోముతూ ఎన్ని రకాలుగానో ఆలోచించాను. కుర్చీలోనే కునుకు తీస్తోందా? హాల్లో సోఫా మీదా? చివరకు నాకు నచ్చిన కథ ఒకటి కట్టుకున్నాను. కోడలే పడుకోనివ్వడం లేదు. దుప్పటి మాసిపోతుందని కోడలు కసిరి ఉంటుంది, కొడుక్కి తెలియకుండా. ఆ కథ కట్టుకున్నాక కోడలు ఏం చేసినా నాకు తప్పుగానే కనబడింది. ఆమె చాయ్ ఇస్తే తాగాను గానీ మొహం చూడలేదు.

మరునాడు తుడవడానికి వెళ్ళినప్పుడు మంచం అవతల, గోడ పక్క సందులోకి మాపు పెట్టాను. అంతకు ముందు రోజు అక్కడికి మాపు పోలేదు, నాకు బాగా గుర్తు. అయినా మనిషి వెడల్పున నేల నున్నగా ఉంది. మంచం కిందికి చూస్తే మడతపెట్టిన పాత చీరల బొంత. ముక్కు దగ్గర పెట్టుకుంటే మోకాలి మందు వాసన. కొత్త మోకాలితో, మంచం పట్టె పట్టుకుని, రోజూ నేల మీదికి దిగుతోందన్నమాట ఆ మనిషి. నా ఒళ్ళు మండిపోయింది. కోడలిని నాలుగు మాటలు అడగాలని బయటికి వచ్చాను.

కోడలే నాకు ఎదురొచ్చింది. చేతిలో మోకాలి మందు గొట్టం ఉంది.

"అక్కా, మీతోని ఒక మాట. అత్తమ్మ పొద్దున లేస్తే మోకాలు పట్టేసినట్టు అంటున్నది. వాపు కూడా వచ్చింది. పరుపు మరీ మెత్తగున్నదా? వేరే పరుపు ఏమన్న దొరుకుతదా? మా ఆయనకు చెప్తే ఇంకా పరేషాన్ అయితడు." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను కట్టుకున్న కథ అక్కడికక్కడే కూలింది. చూస్తానమ్మా అని మాత్రం అన్నాను. చెప్పేస్తే ఆ నిమిషంలోనే అయిపోయేది. కానీ ఎందుకు అన్నది తెలియకుండా చెప్పబుద్ధి కాలేదు. తల్లి నేల మీద పడుకుంటోందని తెలిస్తే కొడుకు ఆమె మీద అరుస్తాడు, ఆమె మంచం మీద నిద్రపోకుండా కూర్చుంటుంది. అంతే జరిగేది.

వాళ్ళు పిల్లలతో తోటలోకి వెళ్ళాక నేను ముసలామె గదిలోకి వెళ్ళి బొంత తీసి మంచం మీద పెట్టాను.

"అవ్వా, నీ కోడలు ఏడుస్తున్నది. మోకాలు వాచింది. మంచం మీద ఎందుకు పండుకుంటలేవు?"

ఆమె బొంత మడత సరిచేసింది. ఆ తర్వాత, "మీ తల్లిగారిల్లు ఏ ఊరు బిడ్డా?" అంది.

షాబాద్ దగ్గర మా ఊరి పేరు చెప్పాను. ఆమె మొహం వెలిగింది. "మీ ఊరి బట్టలు మా మేనత్తోళ్ళు ఉతికేటోళ్ళు. మాది పక్కూరు. పెండ్లయి వచ్చినకాన్నుంచి ఊరి బట్టలన్నీ నా చేతి మీదనే పోయినయి. బానల ఉడకబెట్టుడు, బండ మీద కొట్టుడు, ఎండబెట్టుడు."

"అయితే ఏమాయె? ఇప్పుడు నువ్వు ఉతికేది లేదు గద. ఇవి మిషన్ల వేస్తరు, మొయినాబాద్ నుంచి బండొచ్చి తీస్కపోతది."

"మిషన్ల వేసేది మనిషే గద బిడ్డా." కొంచెం నవ్వింది. "శ్రమ కోసం గాదు. దుప్పటి అన్నీ చెప్తది. ఎవలకు జ్వరమొచ్చింది, ఎవలు రాత్రంత ఏడ్చిన్రు, ఏ ఇంట్ల కొత్త కోడలు మొగనికి దూరంగ పండుకున్నది, అన్నీ నాకు ఎర్కయితుండె. నేను ఎవ్వలకు చెప్పలే. కానీ చూసిన గద. నేను పండుకున్న దుప్పటి ఇంకొకలు గట్ల చూస్తరంటే నాకు నిద్ర రాదు. ఇంటికాడ నా బొంత నేనే పిండుకుంట."

"మరి దవాఖాన్ల?"

"దవాఖాన్ల మత్తు సూది ఇచ్చిన్రు. తెలివొచ్చినంక కన్ను మూస్తే ఒట్టు."

ఆమె ఎవరి చూపుకు భయపడుతోందో ఆ చూపు నాదే. గదిలోకి వచ్చిన మొదటిరోజే ఆమె నన్ను పసిగట్టేసి ఉంటుంది. దుప్పటి మూల ఎత్తి, పరుపు మీద చెయ్యి పెట్టి పల్లం ఉందా లేదా అని నేను వెతుకుతుంటే కుర్చీలోంచి చూస్తూనే ఉంది. నాకు సిగ్గేసింది. అయినా నోరు ఊరుకుంటుందా, చిన్నప్పటి నుంచి ఉన్న అనుమానం ఒకటి అడిగేశాను. నా గౌను అంచు లోపల రెండు నల్లచుక్కలు, పక్కన ఒక గీత ఉండేవి. గౌన్లన్నీ దుకాణంలో అలాగే వస్తాయనుకునేదాన్ని. ఒకరోజు పక్కింటి పిల్ల గౌను తిరగేసి చూస్తే దానికి మూడు గీతలున్నాయి. అది ఏడ్చింది, మా అమ్మ నన్ను బాదింది, సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

"గది మీ ఇంటి గుర్తు," అంది ముసలామె. "నల్లజీడి గింజకు పుల్ల గుచ్చి, దాని రసంతోని పెడితె ఎన్ని ఉతుకులకైనా పోదు. ఇంటికో గుర్తు. లేకుంటే ఊరి బట్టలన్నీ ఒక్క బానల వేస్తే ఏ ఇంటియి ఏవో ఎట్ల తెలుస్తది?"

"మీ ఇంటి గుర్తు ఏంది అవ్వా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మాకు గుర్తెందుకు బిడ్డా? గుర్తు లేనియే మావి. అందరియి పంచినంక మిగిలినయి మావి."

ఆ మాట విని నేను మంచం అంచున కూర్చుండిపోయాను. నాకు దుఃఖం వచ్చింది. ఆమెకు మాత్రం అందులో దుఃఖమేమీ ఉన్నట్టు లేదు. పనిలో ఒక పద్ధతి చెప్పింది, అంతే. కానీ ఆమెను ఆ మంచం ఎక్కించకుండా నేను గది దాటకూడదనుకున్నాను.

వంటింటి సొరుగులోంచి సూది, నల్లదారం తెచ్చాను. "అవ్వా, ఈ దుప్పటికి నువ్వు గుర్తు పెట్టు. ఇది నీది. మీరు పోయేదాక దీన్ని నేను ముట్ట, మా తోటికోడలు ముట్టది. పోయేటప్పుడు నువ్వే మూట కట్టియ్యి. నేను విప్పి చూడ. నా బిడ్డల మీద ఒట్టు."

"నువ్వు చూడకుండ ఉంటవా?" అంది ఆమె. నన్ను బాగానే పోల్చుకుంది.

"ఉంట."

ఆమె సూది అందుకుంది. దుప్పటి మూల లోపలివైపు ఎక్కడ పెట్టాలో చేతికి తెలుసు. కానీ ఏం పెట్టాలో తెలియక ఆగిపోయింది. చుక్కలు ఒకరివి, గీతలు ఒకరివి, మెట్టుగీత కరణం ఇంటిది, కొక్కెం కోమటి దుకాణం వాళ్ళది. గుర్తుకొచ్చిన ప్రతీదీ ఎవరిదో ఒకరిది. చివరకు చిన్న సున్నా కుట్టింది. జీడిరసంతో సున్నా చుడితే పాకిపోయి మచ్చ అవుతుందట, అందుకని ఊళ్ళో ఎవరికీ సున్నా ఇవ్వలేదట. "బాన మూతి లెక్క ఉన్నది," అని తనే చూసుకుని మురిసింది.

మా తోటికోడలికి చెప్తే తల పట్టుకుంది. పరిచిన ప్రతి మంచం ఫోటో తీసి యజమానికి పంపాలన్నది మాకున్న రూలు. తెల్ల దుప్పటికి నల్లదారం, అదీగాక మార్చని పక్క. "నువ్వు పోతవు, నన్నూ పట్టుకపోతవు," అంటూనే, రెండోసారి పక్కలు మార్చిన రోజు పిల్లల గదిలో మంచాన్నే రెండు వైపుల నుంచి ఫోటో తీసి, ఒకటి ముసలామె మంచమన్నట్టు పంపింది. ముసలామె గది ముందు నుంచి పోయేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. ఎంత కష్టమైందో దేవుడికే తెలుసు. మంచం మీద పడుకుంటోందో, మళ్ళీ నేల దిగుతోందో తెలిసే దారి లేదు, మాటిచ్చేశాను. వాపు తగ్గుతోందని కోడలు చెప్తే, మందుకు తగ్గిందేమో అని మళ్ళీ అనుమానం.

వాళ్ళు వెళ్ళే రోజు కారులో సామాన్లు పెడుతున్నారు. ముసలామె కర్ర ఊతంతో గడప దాటి వచ్చింది. మోకాలు బాగా వంగుతోందని, ఇంకో ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు ఫోన్‌లో చెప్పాడని కొడుకు అందరికీ చెప్తున్నాడు. ఆమె చేతిలో మూట కోసం చూశాను. లేదు. నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"మూట కట్టలే బిడ్డా. లేచిన పక్క లేచినట్టే ఇడిసిపెట్టిన. నువ్వే తియ్యి," అంది. "చూసుకో పో. అప్పటిసంది ఆగలేకపోతున్నవు."

కారు గేటు దాటాక గదిలోకి వెళ్ళాను. దిండు మధ్యలో గుంట పడి ఉంది. దుప్పటి కాళ్ళ దగ్గర ముద్దయి, ఒక మూల మంచం దిగి వేలాడుతోంది. ఆ మూలకు సున్నా ఉంది. పరుపు నడిమధ్యలో పల్లం. అంచున కాదు, గోడవైపు కాదు, నడిమధ్యలో. నేను నిలబడి చూస్తున్నాను. మా తోటికోడలు గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ కసిరే మనిషి, ఆ రోజు మెల్లగా అడిగింది.

"దుప్పటి ఏం చెప్తున్నదే?"

"మంచిగ పండుకున్నది అక్కా," అన్నాను.