పోగొట్టలేని అర్జీ

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మౌనాచారి మిద్దెమీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకుంటే కరెంటు బిల్లు తగ్గకపోగా పెరిగింది. లైనుకు ఆయన పంపిన యూనిట్లను తీసేయాల్సింది పోయి, వాడుకున్నవాటికి కలిపేశారు. నంద్యాల కరెంటాఫీసుకు పోయి రెండుసార్లు అర్జీలిచ్చాడు. రెండూ కనబడలేదన్నారు.

మూడోసారి గోనెసంచిలో నల్లరాతి పలక వేసుకుని బస్సెక్కాడు. అధికారి బల్లమీద దాన్ని దబ్బున పెట్టాడు. మూడు నెలల మీటరు రీడింగులు, వాడినవి ఒక వరుస, పంపినవి ఒక వరుస, ఉలితో చెక్కి ఉన్నాయి.

"ఏంది ఆచారీ ఇది?"

"అర్జీ సార్. దీన్నెట్ల పోగొడతారో నేనూ చూస్తా."

అధికారి ఆ అంకెలను కంప్యూటర్లోవాటితో పోల్చుకుని, బిల్లు సరిచేయించాడు. "ఇంక రాయి తీసుకపో" అన్నాడు.

"ఈడే ఉండనీ సార్." మౌనాచారి ఖాళీ సంచి దులిపాడు. "అంకెల కింద వచ్చే నెలకు జాగా ఇడిసినా."