రంగూన్‌లో పుట్టిన టైపిస్టు

హిందూపురం కోర్టు ఎదుట టైపు మిషన్ పెట్టుకుని దేవసహాయం పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల అర్జీలు కొడుతున్నాడు. అతను పుట్టింది బర్మాలోని రంగూన్‌లో. పంతొమ్మిదో ఏట నాయనతో ఓడెక్కి వచ్చాడు. నాయన పెనుకొండలో పోయాక ఒంటరివాడయ్యాడు. సంబంధం మాట వచ్చినప్పుడల్లా పెద్దలు "ఆయప్పది యాడూరో ఏమో" అని వెనక్కి తగ్గేవారు.

1998 అక్టోబరులో పెనుకొండ లెక్చరర్ రాఘవేంద్ర కొన్ని కాగితాలు తెచ్చాడు. అమెరికా ఏటా లాటరీ తీసి కొందరికి వీసా ఇస్తుంది. దానికి అర్జీ కొట్టాలి. దేవసహాయం ఇంగ్లీషు నిబంధనలు చదివి తలెత్తాడు.

"మీరు యాడ పుట్టినారు సార్?"

"పెనుకొండలోనే."

"అయితే కుదర్దు. ఇండియాలో పుట్టినోళ్లకు లేదంట. ఈడనుంచి ఇప్పటికే శానామంది పోయినారంట."

రాఘవేంద్ర కాగితాలు అక్కడే వదిలేసి బస్సుకు వెళ్లిపోయాడు.

దేవసహాయం మళ్లీ చదివాడు. కుదరని దేశాల్లో బర్మా లేదు. తను పుట్టిన చోటు మంచికి పనికిరావడం బతుకులో అదే మొదలు. తెల్లకాగితం ఎక్కించాడు. పేరు, పుట్టిన తేదీ, రంగూన్. భార్య పేరు దగ్గర 'లేదు' అనీ, పిల్లల దగ్గర 'లేరు' అనీ కొట్టేసరికి వేళ్లు మెల్లబడ్డాయి.

రెండో పేజీ తిప్పాడు. పేరు వస్తే రుజువులు చూపాలి: పన్నెండేళ్ల చదువు, లేదంటే రెండేళ్లు నేర్చుకుంటేగాని రాని పనిలో అనుభవం. అతను చదివింది పది. టైపు నేర్చింది ఆర్నెల్లలో.

కాగితం బయటికి లాగేశాడు.

"ఏమప్పా, మొగం అట్లుండాది?" అంది పక్కన టీ అమ్మే చౌడక్క.

జరిగిందంతా చెప్పాడు. ఆమె గ్లాసులు కడుగుతూ విన్నది.

"పోయింటే మాత్రం, ఆడ నీకెవరుండారు?"

"ఈడ ఎవరుండారక్కా?"

చౌడక్క గ్లాసు తుడిచింది. టీ పోసి అతని ముందు పెట్టింది. అది చల్లారిపోయేదాకా అతను ముట్టుకోలేదు.

మరో ఆరేళ్లు అక్కడే అర్జీలు కొట్టాడు. కంప్యూటర్లు వచ్చాక పని తగ్గింది. ధర్మవరంలో ఒక చర్చి ఊడ్చి, ఆదివారాలు గంట కొట్టే పనికి కుదిరాడు. అక్కడివాళ్లు మంచివాళ్లే, పండక్కి బట్టలు పెట్టేవారు. యాడ పుట్టావని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.