తప్పు నొక్కే పాఠం

బెంగాల్లోని ఖిదిర్‌పూర్ రేవు దగ్గర సరుకు దింపే ఒక కంపెనీలో యూనిస్ టైపిస్టు. 1999లో ఆ ఆఫీసుకి ఆరు కంప్యూటర్లు వచ్చాయి. ఆర్నెల్ల కోర్సు చదివింది తనొక్కతే కాబట్టి మేనేజరు ఆమెనే పిలిచాడు.

"నలభై మంది గుమాస్తాలు. ఎవరికి వాళ్లు తెర ముందు కూర్చుని, నొక్కుతూ నేర్చుకునేలా పాఠాలు తయారు చెయ్యి. దసరా పూజా సెలవులయ్యాక పరీక్ష. తప్పినవాళ్ల సంగతి పైవాళ్లు చూసుకుంటారు."

ఆ చివరి మాట యూనిస్‌ని వదల్లేదు. తన పాఠం బాగోలేక ఒక్కడు తప్పినా ఆ ఇంటి కూడు తను లాగేసుకున్నట్టే. మూడు నెలలు కూర్చుని బొమ్మలు గీసింది, బెంగాలీలోనూ హిందీలోనూ తన గొంతే రికార్డు చేసింది. తప్పు చోట నొక్కితే గట్టిగా బజరు మోగేలా పెట్టింది. అలాగైతే జాగ్రత్తగా నేర్చుకుంటారనుకుంది.

గుమాస్తాల్లో మొదట కూర్చున్నది గవరయ్య. ఆమె నాన్నకి స్నేహితుడు, నాన్న పోయాక ఆమెకి ఈ ఉద్యోగం ఇప్పించినవాడు. యాభై నాలుగేళ్ల మనిషి, మౌసు పట్టుకోవడం అదే మొదలు. బాణం గుర్తు తెర దాటి పోతుందేమోనని మౌసుని గాల్లోకి ఎత్తేశాడు. బజరు మోగింది. మళ్లీ మోగింది. అందరూ తలలు తిప్పారు. కంగారులో ఏవేవో నొక్కేసరికి పాఠం ఆగిపోయి, ఇంగ్లీషు అక్షరాలతో ఒక పెట్టె వచ్చింది. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. "ఇల్లీగల్."

లేచి, గది బయట విడిచిన చెప్పులైనా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

మూడో రోజు ఆయన భార్య సింహాచలమ్మ ఆఫీసు గేటు దగ్గర యూనిస్ చెయ్యి పట్టుకుంది. "ఏటి సేసినావే అమ్మీ ఆయన్ని? గడియ తియ్యనివ్వడు. ఎవులు తలుపు కొట్టినా మంచం కిందికి దూరిపోతన్నాడు."

యూనిస్ ఆమె వెంటే క్వార్టర్సుకి వెళ్లి, తలుపు తట్టింది.

"బాబాయ్, నేను యూనిస్‌ని."

"పోలీసులొచ్చినారేటి?"

"వాళ్లెందుకొస్తారు?"

"ఆ మిషన్లో రాసింది కదేటి, నాను సట్టానికి ఇరుద్దంగా ఏదో సేసీసినానని! రేవు సమ్మెప్పుడు పోలీసులు నన్ను లోపలేసిన కాయితం మీదా ఇదే మాట. మూడు రోజులు కొట్టినారమ్మీ. మళ్లీ ఓర్సుకోలేను."

యూనిస్ తలుపు ముందే కూర్చుంది. ఆ పెట్టె తనకి వారానికి రెండుసార్లు కనిపిస్తుంది. ప్రోగ్రాం పాడైందని తప్ప దానికి అర్థమేమీ లేదు. దాన్ని ఉన్నదున్నట్టు చదివే మనిషి ఉంటాడని తనకి తట్టనే లేదు.

"తప్పు నీది కాదు బాబాయ్, నాది" అంది. ఆయన నమ్మలేదు.

ఆ వారమే బజరు తీసేసింది. అన్నిటికంటే ముందు ఒక కొత్త పాఠం చేర్చింది. అందులో నేర్చుకునేవాళ్లు కావాలనే తప్పులు చెయ్యాలి. తెర మీది కాగితం బొమ్మని చెత్తబుట్ట బొమ్మలో పారేసి తిరిగి తెచ్చుకోవాలి. చివర్లో అచ్చు ఆ ఇంగ్లీషు పెట్టెలాంటిదే వస్తుంది. ఈసారి తెలుగులో కూడా తన గొంతు రికార్డు చేసింది.

సింహాచలమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పెట్టె వచ్చింది. గవరయ్య కుర్చీలోంచి సగం లేచాడు. ఇప్పుడు లేచి వెళ్తే ఇక రాడని యూనిస్‌కి తెలుసు. స్పీకరులోంచి ఆమె గొంతే పలికింది: "దీన్ని చూస్తే నాకూ భయమేసింది. ఎవరూ ఏమీ చెయ్యరు. కింద బటన్ నొక్కండి."

నొక్కాడు. పెట్టె పోయింది.

"ఇంతేనేటి?"

"ఇంతే బాబాయ్."

"మళ్లీ రప్పించు."

ఆ రోజు ఏడుసార్లు రప్పించాడు.

పరీక్షలో ముప్పై ఎనిమిది మంది గట్టెక్కారు, గవరయ్య అత్తెసరు మార్కులతో. మిగతా ఇద్దర్నీ ఇళ్లకి పంపేస్తారని తెలిసి యూనిస్ మేనేజరు గదిలోకి వెళ్లి, వాళ్ల కోసం ఇంకో నెల గడువు అడిగి తెచ్చుకుంది. ఎక్కడ ఆగిపోయారో వాళ్లనే అడిగి, ఆ చోటు తిరగరాసింది. మళ్లీ పెట్టిన పరీక్షలో ఒకతను నెగ్గాడు. రెండో అతను దానికి రానే లేదు. అతని ఇల్లు వెతుక్కుంటూ రేవుకి దూరంగా ఉన్న బడ్జ్ బడ్జ్ దాకా వెళ్లింది గానీ, అప్పటికే ఖాళీ చేసి వెళ్లిపోయారని పక్కింటివాళ్లు చెప్పారు.