చింతలేనివాడి ఇంటిపేరు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా. అతని కంటే ముందు నాకు అతని ఇంటిపేరు నచ్చింది. అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఒక మీటింగ్ ఇన్విటేషన్‌లో ఆ ఫ్రెంచి పేరు కనిపించింది. ఇంటికొచ్చి అర్థం వెతికాను. చీకూ చింతా లేనివాడు అట. ఆ మాట డైరీలో రాసుకున్నాకే, అలాంటి పేరు మోసే మనిషి ఎలా ఉంటాడో చూడాలనిపించింది. కొన్నేళ్ళకి ఆ మనిషినే పెళ్ళి చేసుకోవాలనుకున్నాను. నా చింతలన్నీ అప్పుడే మొదలయ్యాయి.

ఆ వేసవికి అమ్మా నాన్నా వచ్చారు. నాన్న హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అమెరికన్ అబ్బాయంటే పెద్ద యుద్ధమే జరుగుతుందని భయపడ్డాను గానీ, "మంచివాడిలాగే ఉన్నాడు, కానివ్వండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను కోరుకున్నది కూడా ఒక్కటే. గుడిలో జరిగే పెళ్ళిలో నాన్న పీటల మీద కూర్చుని నన్ను కన్యాదానం చెయ్యాలి. ప్రభుత్వ కాగితాల మీద సంతకాలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. నాన్న కూర్చోని పీటలు మాత్రం నాకు అక్కర్లేదు.

పరిచయానికని అతనివాళ్ళు మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచారు. తొంభై దాటిన వాళ్ళ బామ్మగారు, అంటే అతని నాన్నకి అమ్మ, బల్ల చివర కూర్చున్నారు. మాటలు సాగడం లేదని కాబోలు, ఏ పెళ్ళిచూపుల్లోనైనా అడిగే ప్రశ్నే నాన్న అడిగాడు.

"పెద్దావిడ పుట్టింటివాళ్ళ ఇంటిపేరేంటో కనుక్కో అమ్మా."

అడిగాను. ఆవిడ అతని ఇంటిపేరే చెప్పారు.

"మెట్టినింటిది కాదే, పుట్టింటిది. సరిగ్గా అడుగు."

మళ్ళీ అడిగాను. "అదే. ఆయనదీ అదే, నాదీ అదే," అని బామ్మగారు ఇంకో బంగాళాదుంప వడ్డించుకున్నారు. నాన్న ఫోర్కు కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఇంకేమీ తినలేదు.

కారు హైవే ఎక్కేదాకా ఆగాడు.

"మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకే ఇంటిపేరా?"

"అవును నాన్నా, కానీ ఇక్కడ..."

"ఎక్కడైతే ఏంటి? ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళ వరస. దేశం మారితే వరస మారుతుందా?"

"ఏవండీ, పిల్ల డ్రైవ్ చేస్తోంది. ఎగ్జిట్ తీసుకున్నాక అరవండి," అంది అమ్మ వెనకనుంచి.

"నేను అరవట్లేదు. రేపు పంతులుగారు పెళ్ళికొడుకు ముత్తాత, తాత, తండ్రి అని చదువుతుంటే, తాత పేరొచ్చేసరికి నేను ఏమనుకోవాలి? చెల్లెల్ని చేసుకున్నవాడనుకోనా? ఆ పీటల మీద నేను కూర్చోలేను."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమ్మ నాన్నకి స్వయానా మేనమామ కూతురు. ఇద్దరూ ఒకే పెరట్లో జామకాయలు కోసుకుని పెరిగారు. అది వరసైన సంబంధం, బంగారం లాంటి మేనరికం. రక్తంలో చుక్క కూడా కలవని ఇద్దరిది మాత్రం మహాపాపం. ఇదంతా అతనికి వివరించబోతే, అతను కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"ఆగు. మీ అమ్మా నాన్నా ఫస్ట్ కజిన్సా? ఆయనకి మా బామ్మతో ఇబ్బందా?"

మేనత్త పిల్లలకీ పెదనాన్న పిల్లలకీ ఉన్న తేడా అతనికి చెప్పడం, ఫ్రెంచివాళ్ళ పేర్ల సంగతి నాన్నకి చెప్పడం, ఈ రెండు పనులూ ఒకేసారి నా నెత్తిన పడ్డాయి. నలుగురిలో నోరు తెరవడమే కష్టమైన నాకు!

లైబ్రరీ మీద పడ్డాను. వెనకటి ఫ్రెంచి సైన్యంలో చేరినవాళ్ళకి మారుపేర్లు పెట్టేవారట. ఒకడు గులాబీ, ఒకడు పువ్వు, ఒకడు చింతలేనివాడు. అదే మారుపేరు వేరే దళంలో ఇంకొకడికీ ఉండేది. అలాంటి సిపాయిలు కొందరు కెనడా వచ్చి, కొలువు అయిపోయాక అక్కడే భూములు తీసుకున్నారు. వాళ్ళ పిల్లల్లో కొందరికి అసలు ఇంటిపేరు మిగిలింది, కొందరికి మారుపేరే ఇంటిపేరైంది. అతని తాతగారి మూలపురుషుడు సముద్రపుటొడ్డు నుంచి వచ్చిన సిపాయి. బామ్మగారి మూలపురుషుడు ఎక్కడో ద్రాక్షతోటల వైపువాడు, దళమూ వేరు. తాతగారివాళ్ళు కెనడాలోని క్యుబెక్ నుంచి మిషిగన్ అడవుల్లో చెట్లు కొట్టడానికి దిగివచ్చారు. బామ్మగారివాళ్ళు బట్టల మిల్లుల వెంట ఊరూరూ తిరిగి, చివరికి డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలకి చేరారు. చర్చివాళ్ళు పెట్టిన డాన్సులో ఆ ఇద్దరూ ఎదురుపడేదాకా, ఆ రెండు కుటుంబాలూ ఒకదాన్నొకటి ఎరగవు.

ఇంత కష్టపడి వంటింటి బల్ల దగ్గర చెబితే నాన్న అన్నదిదీ.

"సిపాయికి సరదాగా పెట్టిన పేరు ఇంటిపేరెలా అవుతుందే? అసలువి చెప్పు."

"బామ్మగారివాళ్ళది ఒక ఊరి పేరు."

"అదీ ఇంటిపేరంటే! మనలాగే. మరి మనవాడిది?"

"పిండిమర నడిపేవాళ్ళు అని అర్థం."

నాన్న మొహం మళ్ళీ ముడుచుకుంది. "అయినా ఇదంతా నువ్వు పుస్తకాల్లోంచి ఏరుకొచ్చిందేగా. నీకు కావలసినట్టు కలుపుకున్నావేమో, ఎవరు చూశారు?"

మన ఇంటిపేరున్న ఆ ఊరు నువ్వెప్పుడైనా చూశావా నాన్నా, అని అడగాల్సింది. అడగలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఆయనతో అనాల్సినవన్నీ డైరీతో అన్నాను.

అతను నన్ను అడక్కుండానే సంగతంతా బామ్మగారి చెవిన వేశాడు. ఆవిడ నాన్నని తీసుకురమ్మన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ తీసుకెళ్ళాను. ఆవిడకి కోపమేమీ లేదు.

"మా పెళ్ళి కుదిరినప్పుడు మా అమ్మకీ ఇదే బెంగ. ఫాదర్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆయన రెండు వైపులా పెద్దవాళ్ళని పిలిచి, ఎవరు ఎవరి కొడుకో అంతా అడిగి, చుట్టరికం లేదని తేలాకే పెళ్ళి చేశాడు. నాకు ఒరిగిందల్లా, సంతకం మార్చుకునే పని తప్పింది," అన్నారు.

తెలుగులో చెప్పాను. నాన్న కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఫాదర్ అంటే వాళ్ళ పంతులుగారేగా?"

"అవును నాన్నా."

"పంతులుగారు స్వయంగా చూశారా?"

"చూశారట."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! ఇన్నాళ్ళూ గులాబీ అనీ పిండిమర అనీ నన్ను చంపావు," అని నామీద విసుక్కుని, బామ్మగారికి చేతులు జోడించాడు. లైబ్రరీలో గడిచిన నా సాయంత్రాలన్నీ ఎందుకు తగలడ్డాయో నాకిప్పటికీ తెలియదు.

పెళ్ళి ముందు ఊళ్ళో పనులు చూసుకుని మళ్ళీ వస్తామని, ఆకులు రాలే వేళకి ఇద్దరూ తిరుగు ప్రయాణమయ్యారు. ఎయిర్‌పోర్టులో అమ్మని వీల్‌చెయిర్‌లో తీసుకెళ్ళిపోయారు. వెనకే నడుస్తున్న నాన్న సెక్యూరిటీ లైన్ దగ్గర ఆగి, చుట్టూ తెలుగువాళ్ళెవరైనా ఉన్నారేమో చూసి, నా దగ్గరికి తిరిగొచ్చాడు.

"పీటల మీద కూర్చుంటాలే, బెంగపెట్టుకోకు. కానీ మీ పెద్దత్త ఫోన్ చేసి ఇంటిపేర్లు అడుగుతుంది చూడు, అప్పుడు మాత్రం ఆ పెద్దావిడ పుట్టింటివాళ్ళది ఊరి పేరని చెప్పు. ఆ పిండిమర మాట ఎత్తకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."