మాల్యాద్రి సారు తప్పుల పుస్తకం

మాల్యాద్రి సారుకు ఒకటే జబ్బు. కంటపడిన ప్రతి తప్పునూ తేదీ, టైముతో సహా ఎర్ర అట్ట నోటుపుస్తకంలో రాసుకుంటాడు. రాసుకుని ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. తప్పు చేసిన మనిషిని ఎదురుగా నిలబెట్టి, గొంతు చించుకుని చదివి వినిపిస్తాడు. ఎనిమిదేళ్లుగా స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీ నాది. నా పేరు మీద నలభై ఒక్క తప్పులున్నాయి. ఇది రాస్తుంటే కూడా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

గిద్దలూరు నుంచి కొమరోలు పోయే దారిలో ఉంది మా హైస్కూలు. ఊరి పేరు రాయను, రాస్తే అందులోనూ ఒక తప్పు పడతాడు. ఆయన లెక్కలు చెబుతాడు, నేను తెలుగు. పొద్దున బస్సు దిగుతూనే ఆయన పుస్తకం తెరుచుకుంటుంది.

"డ్రైవరన్నా, ఎనిమిదీ నలభైకి రావాల్సిన బండి ఎనిమిదీ నలభై ఆరుకు వచ్చింది. రాసినా."

"పుస్తకం నిండా నేనే ఉన్నాగదా సామీ, ఇంక దిగు" అని డ్రైవరు రెండు చేతులూ జోడిస్తాడు.

సారు తన పెళ్లిలోనే పురోహితుడు ముహూర్తం రెండు నిమిషాలు దాటించాడని పీటల మీదే జేబులోంచి పుస్తకం తీశాడట. ఈ మాట చెప్పింది ఆయన భార్య లక్ష్మీకుమారి.

"నా ఒక్కదాని మీదనే మూడు పుస్తకాలుండాయక్కా! పోయిన నెల వారం దినాలు ఏమీ రాయలేదు. నాకు భయమేసింది. ఈయనకు నేను కనపడతాండానా లేదా అని పులుసులో ఉప్పు ఎక్కువేసి చూసినా."

"రాసినాడా?"

"రాసినాడు. అప్పుడు పాణం కుదుటపడింది."

ఇద్దరికీ పిచ్చే అనుకున్నాను.

నవంబరులో జిల్లా నుంచి ఆర్డరు వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలంతా కలిసి పది నిమిషాల సినిమా తీయాలి. ఒక్కొక్కరికి ఒక్కో పని. ఒక్కో పనికి ఇరవై మార్కులు. అందరికన్నా ఎక్కువ తెచ్చుకున్నవాళ్లను, బడికి ఒకరిని, మూడు నెలలు హాస్టల్లో పెట్టుకుని చదువుతో పాటు సినిమా పని నేర్పుతారు. హెడ్మాస్టరు ఆ బరువు నా నెత్తిన పెట్టి, సాయానికి మాల్యాద్రి సారును ఇచ్చాడు. దాన్ని సాయం అన్నందుకు హెడ్మాస్టరు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఊళ్లో కోటయ్య అనే రైతు చేలో ఎండిపోయిన బోరు దగ్గర ఎనిమిది రోజుల షూటింగు. క్లాప్ బోర్డు కొనకుండా మార్కాపురం పలకకు కర్రముక్క బిగించాం. మొదటి రోజే పిల్లవాడు ఉత్సాహం కొద్దీ గట్టిగా కొట్టేసరికి పలక రెండు ముక్కలైంది.

"తొమ్మిదీ యాభై! పలక పగిలింది! క్లాప్ కొట్టమంటే బండ పగలగొడతాండావేందిరా? రాసినా!"

డైరెక్టరు నరేంద్ర. స్కూలు కమిటీ చైర్మన్ హరిబాబు కొడుకు. వాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గంటకోసారి "యాక్షన్" అనేవాడు. కట్ చెప్పడం మాత్రం మరిచిపోయేవాడు. ఆ ఎనిమిది రోజుల్లో మాల్యాద్రి సారు వాణ్ణి ఒక్క మాట అనలేదు. చైర్మన్ కొడుకంటే నోరు పెగలదు, ఇంత పిరికివాడా అని నేను పళ్లు నూరుకున్నాను.

వాడి మీద చూపని కోపమంతా ఎవరి మీద చూపించాడయ్యా అంటే ఎలీషబా మీద. ఆ పిల్ల పని కంటిన్యూటీ. ముందు షాట్‌లో ఏది ఎక్కడుందో, ఎవరి చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయో గుర్తుపెట్టుకుని, తర్వాతి షాట్‌లో అలాగే ఉండేట్టు చూడాలి.

"ఎలీషబా! ఇందాక బిందె ఏ చంకన ఉంది?"

"ఎడమ చంకన సార్."

"ఇప్పుడు?"

"కుడి చంకన..."

"అదెట్ల పోయింది? నడుచుకుంటా పోయిందా? రాసినా!"

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. నాకు తల తిరిగిపోయింది. వాళ్లమ్మ జనవరిలో మిరపకోతలకు గుంటూరు వైపు పోతుంది. హాస్టల్లో సీటు వస్తే ఎలీషబా చదువులో ఉంటుంది. రాకపోతే తల్లి వెంట పోతుంది. అట్లా పోయిన పిల్లల్లో ఎంతమంది తిరిగి బడికి వచ్చారో వేళ్ల మీద చెప్పగలను.

"సార్, అంత చిన్నపిల్లను అట్ల కాల్చుకు తింటారేంది? ఒక మంచి మాట చెప్తే మీ నోరు పడిపోతుందా?" అని షూటింగు మధ్యలోనే అరిచాను.

ఆయన వాచీ చూసుకున్నాడు. "మాధవి టీచర్, పదీ యాభై. టేక్ నడస్తాంటే అరిచినారు. సౌండంతా పాడైంది. రాసినా."

అదే నా నలభై ఒకటో తప్పు. ఆ రోజు నుంచి నేను పంతం పట్టాను. ఆయన తిట్టిన ప్రతి పిల్లనూ పిలిచి, "చాలా బాగా చేశావమ్మా" అని వీపు తట్టాను. తిట్టని నరేంద్రను కూడా తట్టాను. ఇరవై ఎనిమిది మందికీ అదే మాట.

డిసెంబరు చివర్లో మార్కులు వేయడానికి జిల్లా నుంచి ఒక మేడం వచ్చింది. హెడ్మాస్టరు జాబితా ముందే టైపు చేయించాడు. నరేంద్ర, దర్శకత్వం, ఇరవై. ఎలీషబా, సహాయం, ఆరు. 'సహాయం' అన్న మాట చూసి నాకు ఆ కాగితం చించేద్దామనిపించింది. కొత్త చొక్కా వేసుకుని హరిబాబు తన కొడుకు పక్కన కూర్చున్నాడు.

మేడం సినిమా చూసి, "బాగుంది. కానీ ఎవరు ఏం చేశారో నాకెలా తెలుస్తుంది? రుజువు ఏముంది?" అంది.

నేను గబుక్కున లేచాను. "ఎలీషబా చాలా బాగా చేసింది మేడం!"

ఆమె నేనిచ్చిన రిపోర్టు తిప్పింది. "ఇక్కడ ఇరవై ఎనిమిది మందికీ మీరు ఇదే రాశారు కదండీ."

నా మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. అప్పుడు బల్ల మీద దబ్బుమని ఎర్ర పుస్తకం పడింది.

"ఇదిగో రుజువు" అన్నాడు మాల్యాద్రి సారు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఎలీషబాకు మాత్రం నాలుగు. ఆయన తన మామూలు గొంతుతోనే, అంటే అరుస్తూనే, చదివాడు.

"మొదటి రోజు తొమ్మిది తప్పులు. బిందె చంక మారింది, తిట్టినా, పావుగంటలో మళ్లీ తీయించింది. రెండో రోజు ఆరు. చొక్కా గుండీ. ఆ రోజు నుంచి తన పుస్తకంలో గుండీలన్నిటికీ బొమ్మ గీసుకుంది. ఐదో రోజు ఒకటి. ఏడో రోజు లేదు." ఇక్కడ ఆగి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఎనిమిదో రోజు ఒక తప్పు ఉంది. నాది. గొర్రె మెడలో గంట ఉందని నేనన్నా. లేదని ఈ పిల్ల రాసుకున్నది చూపించింది. తొమ్మిది నుంచి సున్నాకు దిగింది మేడం, ఎనిమిది దినాల్లో! దీన్ని సహాయం అంటారా?"

"మా వాడి పేజీ చూడండి మేడం!" అని హరిబాబు ముందుకొచ్చాడు. చూశారు. పైన పేరుంది, కింద ఖాళీ. హరిబాబు ముఖం వెలిగిపోయింది. "చూసినారా! ఎనిమిది రోజులూ ఒక్క తప్పు లేదు!"

"తప్పు చేయాలంటే పని చేయాల గదా హరిబాబన్నా! కుర్చీ ఏం తప్పు చేస్తుంది?" అన్నాడు సారు.

అందరికన్నా ముందు నరేంద్రే తలెత్తాడు. వాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "నిజమే నాయనా. అందర్నీ తిట్టినాడు, నన్నొక్కసారి కూడా తిట్టలేదు. నేనక్కడ లేనట్టే చూసినాడు" అన్నాడు.

ఉప్పు ఎక్కువేసిన పులుసు నాకప్పుడు గుర్తొచ్చింది.

మేడం ఎలీషబాకు పంతొమ్మిది వేసింది. అందరిలోకీ అదే ఎక్కువ. ఇరవై ఎందుకు వేయలేదని మాల్యాద్రి సారు ఆమెతో గేటు దాకా పోట్లాడి, పన్నెండూ ఇరవైకి ఆమె పేరు కూడా పుస్తకంలో రాసుకున్నాడు. మర్నాటి నుంచి నరేంద్ర క్లాసులో చాక్‌పీసుల డబ్బా మోస్తున్నాడు. రెండోనాడు దాన్ని కింద పడేస్తే సారు అరిచి రాసుకున్నాడు. వాడు ఆ కబురు బడంతా చెప్పుకుని తిరిగాడు.

జనవరిలో ఎలీషబా హాస్టలుకు పోయింది. ఏప్రిల్‌లో తిరిగొచ్చి, నేరుగా స్టాఫ్‌రూముకు వచ్చి, సారు ముందు ఒక ఎర్ర అట్ట పుస్తకం తెరిచి పెట్టింది. మొదటి పేజీ మీద 'మాల్యాద్రి సార్ తప్పులు' అని ఉంది.

ఒకటి, నవ్వడు. రెండు, నేను హాస్టలుకు పోయే రోజు బస్టాండుకు వచ్చి, స్తంభం వెనకాల దాక్కుని, నేను చూడలేదనుకున్నాడు.

ఆయన రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "టైమేదమ్మాయ్? టైము వేయకుండా తప్పు రాస్తారా ఎవరన్నా?"

"ఏడూ పది సార్."

"వెయ్యి మరి!" అని అరిచి, తన పెన్ను ఆ పిల్ల చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం దుకాణానికి పోయి నేనూ ఒక ఎర్ర అట్ట పుస్తకం కొన్నాను. అందులో మొదటి తప్పు ఎలీషబాదే. ఏడూ పదికి ఆ స్తంభం వెనకాల సారు పక్కన నేనూ ఉన్నాను. ఆ పిల్ల చూసుకోలేదు.