పాతర మీద స్పీకర్లు

2022 వేసవి. కర్నూలులోని మా హైఫై దుకాణం నుంచి పత్తికొండ దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. అక్కడి కాలేజీ లెక్చరర్ శేఖర్‌కు నేనే స్పీకర్లు అమ్మాను. "అన్నా, తబలా మోగితే కింద ఎవరో మూలుగుతాండారు. మా అవ్వ రెండు రోజులుగా అన్నం ముట్టలే" అని ఫోన్ చేశాడు.

పదడుగుల చదరపు గది, ఎత్తూ అంతే. రాతి గోడలు, నాపబండల నేల. ఇలాంటి గదిలో శబ్దం ఇంకదు. బేస్, అంటే లోతైన మోత, మూలల్లో ముద్దకడుతుంది. అదే అయ్యుంటుందని కొలిచే మైకు పెట్టి స్వీప్ వేశాను. కింది స్వరం నుంచి పై స్వరానికి జారే మోత అది.

ఒక చోట గది మూలిగింది. స్వీప్ ఆ స్వరం దాటిపోయినా మూలుగు వెంటనే ఆగలేదు. మూలల్లోంచి కాదు, నా అరికాళ్ల కిందినుంచి. తెలియకుండానే ప్రభువు పేరు పలికాను.

గడపలో కూర్చున్న శేఖర్ వాళ్ల అవ్వ ఓబుళమ్మ నన్నే చూస్తోంది. "ఇనపడిందా అప్పా?"

"ఈ బండల కింద ఏముండాది అవ్వా?"

"పాతర."

వెనకటి రోజుల్లో ధాన్యం దాచిన గొయ్యి. మూతి ఇరుకు, లోపల కుండలా వెడల్పు. నాకు ప్రాణం కుదుటపడింది. దీన్ని రెజొనెన్స్ అంటారని, ఖాళీ కుండకు దాని స్వరం తగిలితే అదే మోగుతుందని చెప్పాను. "అది గాలి, అంతే అవ్వా."

"గాలి ల్యాకనే సచ్చినాడప్పా వాడు."

మూసిపెట్టిన పాతరలో గాలి చెడుతుంది. ముందు దీపం దించి, అది ఆరకుంటేనే మనిషి దిగాలి. అప్పుడు ఆమెకు పన్నెండేళ్లు, తమ్ముడు సుంకన్నకు తొమ్మిది. అమ్మానాయనలు చేనికి పోయారు.

"నూనె దండగని దీపం దించల్యా. దిగురా, తాడు నేను పట్టుకుంటానంటి. ఒగటేసారి మూలిగినాడు. దీపం దించినామనే మా నాయనకు చెప్తి. నాకు ఇల్లరికం తెచ్చి ఈ ఇల్లిచ్చిరి. ఇది వానిదప్పా."

శేఖర్‌కూ ఈ సంగతి తెలియదు. బైబిల్లో అన్న చేతిలో చచ్చి, నేలలోంచి దేవునికి వినబడిన తమ్ముని గొంతు గురించి సండేస్కూలు పిల్లలకు ఏళ్లుగా చెబుతున్నాను. లేచి స్పీకర్లు ఆపేశాను.

"పూడ్చేద్దాం అవ్వా" అన్నాడు శేఖర్.

"ముందు దీపం దించు."

బండ లేపాం. గిన్నెలో దీపం పెట్టి, తాడు కట్టి, ఆమే దించింది. దీపం వెలుగుతూనే అడుగు తాకింది. మళ్లీ స్వీప్ వేయమంది. మూతి తెరిస్తే స్వరం మారుతుంది కాబట్టి ఈసారి మూలుగు రాలేదు. ఆ చోటికి వచ్చేసరికి అడుగున మంట ఒక్కసారి వంగి లేచింది.

ఆమె అన్నం తెప్పించుకుంది. మొదటి ముద్ద లోపలికి జారవిడిచి, రెండోది తాను తింది.

తర్వాత పాతర నిండా ఇసుక పోయించారు. పెద్ద స్పీకర్లు వెనక్కి తీసుకుని, బేస్ కాస్త తక్కువుండే చిన్నవి గోడకు ఎడంగా పెట్టాను. మళ్లీ కొలిస్తే, ఆ ఒక్క స్వరం దగ్గర గది మిగతా అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉంది. ఎందుకో నా లెక్కకు అందలేదు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, సంచిలోంచి మైకు బయటికి తీసేముందు నేల కింద ఏముందని అక్కడి పెద్దవాళ్లను అడుగుతాను. "గాలి, అంతే" అని మాత్రం ఎవరితోనూ అనను.