దక్షిణం గోడ పక్కన

చలికాలం గురించి పిల్లల పుస్తకాలు రాసేవాళ్ళు ఎప్పుడూ చలిలో పని చేసి ఉండరు. వాళ్ళ పుస్తకాల్లో మంచు మెత్తగా పడుతుంది. ఎలుగుబంటి గుహలో గురక పెడుతుంది, ఉడుత చెట్టు తొర్రలో గింజలు దాచుకుంటుంది, ఎలుక పిల్లలు తల్లి పొట్ట కింద ముద్దగా పడుకుంటాయి. చివరి పేజీలో పూలు పూస్తాయి. ఒక్క జంతువూ చావదు. ఈ పరాయి దేశంలో, ట్రుగనీనా అనే ఊళ్ళో, మేం పనిచేసే గోదాముకి ఇక్కడ చలి మొదలయ్యే మే నెలాఖరు నుంచి ఇలాంటి పుస్తకాలు ప్యాలెట్ల కొద్దీ వస్తాయి, బడులకి పంపడానికి. ఈ ఊళ్ళో మంచు పడదు. ఈ దేశపు అడవుల్లో ఎలుగుబంటి లేదు. అయినా ఏటా అవే వస్తాయి, అవే అమ్ముడుపోతాయి.

వీరవెంకటసత్యనారాయణ గారు ఆ పుస్తకాలతోనే ఇంగ్లీషు నేర్చుకున్నారు.

అంత పేరు గోదాము కార్డు మీద పట్టక 'వీరా' అని అచ్చు వేశారు. మేం సత్తిగారూ అనేవాళ్ళం. పిఠాపురంలో ఆయనకి చిన్న పుస్తకాల కొట్టు ఉండేది. నోటు పుస్తకాలు, గైడ్లు, పరీక్ష అట్టలు అమ్మేవారు. భార్య కనకదుర్గ గారికి ఇక్కడ వృద్ధుల హోమ్‌లో నర్సు ఉద్యోగం దొరికితే, కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, కూతుర్ని చంకనేసుకుని వచ్చేశారు. నలభై దాటాక కార్టన్లు మొయ్యడం మొదలుపెట్టారు. అయినా పుస్తకం చేతిలోకి వస్తే అట్ట మీద దుమ్ము తుడవకుండా కింద పెట్టేవారు కాదు. అలవాటు.

గోదాములో ఆయన క్యాజువల్. రేపు పని ఉందో లేదో ఈ రోజు సాయంత్రం ఫోన్‌కి మెసేజ్ వస్తే తెలుస్తుంది. రాకపోతే లేనట్టే. భోంచేస్తూ, స్నానం చేస్తూ, గుళ్ళో నిలబడి కూడా ఆ ఫోన్ వైపే చూస్తూ బతికారాయన రెండేళ్ళు. నిరుడు చలికాలంలో ఒక్కరిని పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ పేరు పైకి పంపేవాడు మా టీమ్ లీడర్ దీపక్. కరీంనగర్ కుర్రాడు, సత్తిగారికంటే పదిహేనేళ్ళు చిన్న. నోటినిండా అన్నా అంటూనే మనిషిని నేలకి తొక్కేవాడు.

స్మోకో టైములో, అంటే పొద్దున టీ బ్రేకులో, సత్తిగారు చిరిగిన కాపీ ఒకటి ముందేసుకుని వేలు పెట్టి చదువుకునేవారు.

"ఏందన్నా, ఎల్కేజీ అయిపోయిందా?" అనేవాడు దీపక్, అందరికీ వినబడేలా.

"అయిపోవచ్చిందండి దీపక్ గారూ. ఎలుగుబంటి నిద్ర లేచే కాడికి వచ్చాను."

"అది లేసేలోపు నువ్వు లేసి ఆర్డర్లు తియ్. లేకుంటే నిన్ను పండబెడతరు."

చిరిగిన కాపీలు ఇంటికి తీసుకెళ్ళొచ్చు. ఆరేళ్ళ వైశాలికి వాటిని ఆయన తెలుగులో చెప్పేవారు. ఆ పిల్ల ఇంగ్లీషులో అడిగేది. "నాన్నా, ట్రుగనీనాలో బేర్ ఎక్కడ? వేర్ డజ్ ఇట్ స్లీప్?" దానికి జవాబు జూలైలో గోదాములోనే దొరికింది. వెనక వరసలో, అట్టడుగు కార్టన్‌లో ఒక ఎలుక చలికాలం పుస్తకాలనే కొరికి పీచు చేసి గూడు కట్టుకుంది. అందులో పిల్లలు. బొచ్చు లేదు, కళ్ళు విడలేదు, చిటికెన వేలి కొసంత లేవు. చుట్టూ పొలాలు కొట్టేసి గోదాములు కట్టారు కాబట్టి, చలి పడితే ఎలుకలకి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

నిబంధన ప్రకారం వెంటనే చెప్పాలి. ఆయన ఆ కార్టన్‌ని ఇంకా లోపలికి నెట్టారు.

"సత్తిగారూ, దొరికిపోతారు," అన్నాను.

"తెలుసు బాబూ. కళ్ళు విడితే వాటి దారిన అవే పోతాయి. నాలుగు రోజులు చూద్దాం. ఇంటికెళ్ళగానే మా పాప అదే అడుగుద్ది. బేర్ లేదు సరే, మన ఊరి ఎలకలు నాన్న గోదాంలో పడుకున్నాయని చెప్పేశాను."

నాలుగు రోజులు కాలేదు. ఒక బడి నుంచి ఎలుక పెంటికలున్న కార్టన్ తిరిగొచ్చింది. పైవాళ్ళు దీపక్‌ని తిట్టారు. దీపక్ తెల్లారకుండానే వరసలన్నీ లాగించాడు. గూడు బయటపడింది. తల్లి ఎలుక అందరి బూట్ల మధ్యనుంచి పరుగెత్తి పారిపోయింది.

"గిది నీ వరస గదా అన్నా?"

"నాదేనండి."

"ఎన్నడు జూసినవ్?"

సత్తిగారు నా వైపు చూడలేదు. "ఇప్పుడే చూస్తన్నానండి."

"అట్లనా! వినాయక చవితి ఇంక నెల ఉంది. స్వామి వాహనాన్ని ముందే సర్వీసింగ్‌కి తెచ్చినవేమో అనుకున్న." అందరూ నవ్వారు. అర్థం కాని తెల్లవాళ్ళు కూడా నవ్వారు. దీపక్ నవ్వు ఆపి చెప్పాడు. "నీ చేతుల్తోనే తీస్కపోయి బయట పెట్టు. మందులు, బోన్లు ఏమొద్దు. చలి జూస్కుంటది. శుక్రవారంలోపు నేను పేరు పంపాలె. యాది ఉంది గదా?"

ఆయన పెట్టె ఎత్తుకున్నారు. తలుపు తీయడానికి నేను వెంట వెళ్ళాను. అప్పుడే తెల్లవారుతోంది. గడ్డి మీద మంచు బిందువులు గడ్డకట్టి తెల్లగా పేరుకుని ఉన్నాయి. లారీలు ఆగే చోటు తలుపు ముందే, గోదాముకి ఉత్తరాన. అక్కడ దించేస్తే సరిపోయేది. ఆయన దించలేదు. గోదాము చుట్టూ తిరిగి, అవతలి పక్కకి నడిచారు.

"అంత దూరం ఎందుకు?"

"ఇక్కడైతే లారీ కింద పడతాయి. అటేపు ఎవరూ రారు. ఎండెక్కితే గోడ వేడెక్కుద్ది, వెచ్చగా ఉంటాయి. తల్లి కూడా వాసన పట్టుకుని వచ్చేస్తది. చలికాలం ఎండ దక్షిణానే కదా బాబూ."

పిఠాపురంలో ఆయన కొట్టు దక్షిణ ముఖం. చలికాలంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గడప మీద ఎండ పడేదట, బేరం లేని వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారట. ఆయన పెట్టెని గోడకి ఆనించి, మూత విప్పి, తెరిచిన వైపుని దక్షిణానికి తిప్పి పెట్టారు. పీచు కాగితాన్ని పిల్లల చుట్టూ సర్దారు. మేం ఇద్దరం చీకట్లో వచ్చి, కిటికీల్లేని షెడ్డులో పనిచేసి, ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళం. రెండేళ్ళలో ఎండ ఎటు పడుతుందో ఎవరం చూశాం?

స్మోకో మొదలవ్వగానే ఆయన టీ వదిలేసి అక్కడికి నడిచారు, వెనక నేనూ. మిగతా ఆవరణంతా ఆరిపోయింది. ఆ గోడ పక్కన మాత్రం పొద్దుటి మంచు అలాగే ఉంది. సముద్రం మీదుగా వచ్చే దక్షిణపు గాలి సూటిగా పెట్టెలోకి కొడుతోంది. పీచు కొంత ఎగిరిపోయింది. పిల్లలు బిగుసుకుపోయాయి. ఒకదాని నోరు తెరుచుకుని ఉంది. తల్లి రాలేదు. సత్తిగారు తలెత్తి సూర్యుడి కోసం చూశారు. సూర్యుడు కప్పుకి అవతల, ఉత్తరాన, లారీల మీద వెలుగుతున్నాడు.

మా వెనకాలే దీపక్ వచ్చాడు. పెట్టెలోకి చూశాడు, గోడ చూశాడు, ఈల వేశాడు.

"వారెవ్వా సత్తన్నా! నిన్ను అమాయకుడనుకున్న. ఈ దేశంల చలికాలం సూర్యుడు ఉత్తరం దిక్కే ఉంటడు, ఈ గోడకు ఎండ తాకదు. ఫ్రిజ్‌ల పెట్టినట్టు పెట్టినవ్. నేనైతే లారీల డాక్ కాడ్నే పడేద్దును, సగం బతుకుతుండె. కావాలనే సోంచాయించి చేసినవా?"

సత్తిగారు నోరు తెరిచారు. నా వైపు చూశారు. తర్వాత పెట్టె వైపు కాకుండా నేల వైపు చూస్తూ, "అవునండి," అన్నారు.

శుక్రవారం పొద్దుటి మీటింగులో దీపక్ ఈ కథంతా ఇంగ్లీషులో, కొంచెం కలిపి చెప్పాడు. చలిని పనిలో పెట్టుకున్న మనిషి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పర్మనెంట్ ఆయనకే వచ్చింది. ఇకమీద గూళ్ళు ఎక్కడ దొరికినా వీరాకే అప్పజెప్పమని కూడా చెప్పాడు. సత్తిగారు చేతులు జోడించారు.

ఆ సాయంత్రం నన్ను ఇంటికి లాక్కెళ్ళారు. కనకదుర్గ గారు కాఫీ ఇస్తూ, "ఇంక ఆ ఫోన్ పీడ వదిలింది బాబూ," అని కళ్ళు తుడుచుకున్నారు. వైశాలి వచ్చి ఆయన మోకాళ్ళ మీద ఎక్కింది.

"నాన్నా, ఆర్ ద బేబీస్ స్టిల్ స్లీపింగ్?"

"బయట పెట్టానమ్మా."

"అవుట్‌సైడ్? బట్ ఇట్స్ కోల్డ్!"

"ఎండలో పెట్టాను."

ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసి, తృప్తిపడి దిగిపోయింది. ఆయన కాఫీ ఊదుకుంటూ చివరి చుక్క దాకా తాగారు.

సోమవారం దీపక్ కేకేశాడు. "సత్తన్నా, ముందు వరసల ఇంకోటి దొరికింది!"

ఆయన చేతులకి గ్లవ్స్ తొడుక్కుని వెళ్ళి పెట్టె ఎత్తుకున్నారు. ఎటు పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగకుండానే దక్షిణం గోడ వైపు నడిచారు.